గోల్ ముందు ఆగిపోయే కాళ్ళు

తెలియని ఆట

కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా చేరబోయే పిల్లలకి ముందుగా ఒక మాట. మీకు వచ్చిన ఆట మీకు ఇవ్వరు. నేను ఈటె విసిరేదాన్ని. నెల్లూరు జిల్లాలో మా నాన్న పాఠాలు చెప్పిన మిషన్ స్కూలు వెనక ఖాళీ జాగాలో వెదురు కర్రతో మొదలుపెట్టి, యూనివర్సిటీ పోటీల దాకా అదే విసిరాను. బెంగళూరులో ఉద్యోగం వచ్చిన మొదటి వారంలోనే అప్పటి ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, గాలి తగ్గిన ఫుట్‌బాల్ ఒకటి చేతిలో పెట్టారు. ఆడపిల్లల టీమ్ తయారు చేయమన్నారు. ఈటె సంగతి అడిగితే, మన గ్రౌండ్‌లో అది విసిరితే లెక్చరర్ల కార్లకి గుచ్చుకుంటుందన్నారు. అందులో అబద్ధం లేదు. మా గ్రౌండ్‌లో సగం అప్పటికే పార్కింగ్.

ఆ బంతిని చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్ళి, రూల్స్ పుస్తకం తెప్పించుకుని, రాత పరీక్షకి చదివినట్టు చదివాను. ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు అదే పని. ప్రమోషన్లు, ఫైళ్ళు, తనిఖీలు ఇక్కడ రాయను. అవి మీకూ వస్తాయి, మీరూ విసుక్కుంటారు. ఒక్క టీమ్ గురించి, రిటైర్ కావడానికి నాలుగేళ్ళ ముందు ఆడిన ఒక్క సీజన్ గురించి రాస్తాను. అందులో నేను రెండు తప్పులు చేశాను. రెండూ నోటితో చేసినవే.

మా కాలేజీ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌కి కాస్త ఇవతల. క్లాసులో సగం మంది ఆ లేఅవుట్ అపార్ట్‌మెంట్ల నుంచి స్కూటీల మీద వస్తారు. మిగతా సగం హెబ్బగోడి, బొమ్మసంద్ర వైపు నుంచి రెండు బస్సులు మారి వస్తారు. ఫుట్‌బాల్‌కి వచ్చేది ఎక్కువగా రెండో సగమే. ఎందుకని నన్ను అడిగితే, వాళ్ళకి పరిగెత్తడానికి ఇంటి దగ్గర జాగా లేదు, అందుకే ఇక్కడ పరిగెడతారు అని చెప్తాను.

బాక్స్ దాకా బాగానే

ఆ ఏడు నాకు దొరికినంత మంచి టీమ్ అంతకు ముందు దొరకలేదు. కెప్టెన్ నందిని, గోల్‌కీపర్. బేగూరులో మూడు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం వాళ్ళది. గోల్‌లో నిలబడి మాట్లాడుతూనే ఉంటుంది. ఎదుటి టీమ్ పిల్లలతో కూడా కబుర్లు చెప్తుంది. ముందు వరసలో పవిత్ర. వాళ్ళమ్మా నాన్నా కదిరి వైపు నుంచి పనికోసం వచ్చి హెబ్బగోడిలో ఒక గది అద్దెకి తీసుకుని ఉంటున్నారు. సన్నటి పిల్ల, మాట తక్కువ, కాలు మాత్రం ఎడమా కుడీ రెండూ ఒకేలా పనిచేసేవి. ప్రాక్టీసులో ఆమె తన్నిన బంతి పార్కింగ్ గోడకి తగిలితే సెక్యూరిటీ ఆయన ఉలిక్కిపడి లేచేవాడు.

అంతర్ కాలేజీల లీగ్‌లో మొదటి మ్యాచ్. పది నిమిషాలు కాకముందే పవిత్ర ఇద్దరిని దాటుకుని గోల్ ముందుకి వెళ్ళింది. వాళ్ళ కీపర్ జారిపడింది. ఎదురుగా ఖాళీ గోల్, అయిదడుగుల దూరం. పవిత్ర తన్నింది. బంతి అడ్డకర్ర మీదుగా ఎగిరి రోడ్డు మీద పడింది.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. గొంతు నాకు దేవుడిచ్చిందే, మైకు అక్కర్లేదు. "మా అమ్మమ్మయినా కొడుతుందే ఆ గోల్" అన్నాను. అని ఊరుకోలేదు. అప్పటికప్పుడు ఆమెని బయటికి పిలిచి ఇంకొకరిని పంపాను. ఎదుటి టీమ్ బెంచీ మీద పిల్లలు నవ్వారు. మా పిల్లలు కొందరు కూడా నవ్వారు. పవిత్ర తల వంచుకుని గ్రౌండ్ అవతలి కొస నుంచి ఇవతలి కొసకి నడిచి వచ్చి, బెంచీ చివర కూర్చుని, బూటు లేసులు విప్పి మళ్ళీ కట్టుకుంది.

ఆ సాయంత్రానికి నేను దాన్ని మర్చిపోయాను. నాకు ఈటె నేర్పిన మాస్టారు ఇంతకంటే పెద్ద మాటలనేవారు, మేం పడేవాళ్ళం. కోచింగ్ అంటే అదే అనుకునేదాన్ని.

ఆ మ్యాచ్ సున్నా సున్నా. తర్వాతి మ్యాచ్ సున్నా సున్నా. మూడోది కూడా. వింత ఏమిటంటే, మేం బాగా ఆడుతున్నాం. బంతి మా కాళ్ళ దగ్గరే ఉంటుంది. మధ్య గీత దాటుతాం, ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి అందంగా అందించుకుంటాం. గోల్ ముందు తెల్లగీతలతో గీసిన పెట్టె ఉంటుంది కదా, మేం బాక్స్ అంటాం, అందులోకి అడుగుపెట్టేదాకా ఆటను చూసి తీరాలి. లోపలికి వెళ్ళాక ఏదో అయిపోయేది. పవిత్ర దగ్గరికి బంతి వస్తే పక్కనున్న పిల్లకి ఇచ్చేది. ఆ పిల్ల ఇంకో పిల్లకి. పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర 'ముందు మీరు కూర్చోండి, కాదు మీరు' అన్నట్టు ఒకరికొకరు మర్యాదలు చేసుకునేవాళ్ళు. ఈలోపల ఎదుటి టీమ్ డిఫెండర్ తీరిగ్గా వచ్చి బంతి పట్టుకుపోయేది.

మూడో మ్యాచ్ తర్వాత పవిత్ర నా దగ్గరికి వచ్చింది. "మ్యామ్, నేను వెనక డిఫెన్స్‌లో ఆడతా మ్యామ్" అంది.

"ఎందుకు?"

"ఊరికే మ్యామ్. అక్కడ బాగుంటాది."

ఫార్వర్డ్ ఆడే పిల్ల తనంతట తాను వెనక్కి పోతానంటే ఎందుకని గట్టిగా అడగాలి. నేను అడగలేదు. సరే అన్నాను.

నేను చేసిన వైద్యాలు

తర్వాత నెలా పదిహేను రోజులు నేను రకరకాల వైద్యాలు చేశాను. గోల్ కర్రకి పాత స్కూటర్ టైరు వేలాడదీసి అందులోంచి బంతి పోవాలన్నాను. పోయేది. ఒక్కొక్కరి చేత రోజుకి నలభై సార్లు గోల్‌లోకి తన్నించాను. నలభైకి ముప్పై అయిదు లోపలికి పోయేవి. మ్యాచ్ రోజు మాత్రం మళ్ళీ అవే మర్యాదలు. ఫిజిక్స్ లెక్చరర్ ఒకాయన ముచ్చటపడి వచ్చి, బోర్డు మీద గోల్ బొమ్మ గీసి, ఏ కోణం నుంచి తన్నితే ఎంత ఖాళీ కనిపిస్తుందో గంటసేపు చెప్పారు. పిల్లలు నోట్సు రాసుకున్నారు. ఒక పిల్ల ఇది ఇంటర్నల్స్‌కి వస్తుందా అని అడిగింది.

హాకీ టీమ్ నుంచి ఒక గట్టి పిల్లని తెచ్చి ముందు నిలబెట్టాను. వచ్చిన మొదటి రోజు దొరికిన ప్రతి బంతినీ తన్నింది. తను ఆడిన రెండో మ్యాచ్‌లో ఒకటి పక్కకి పోయింది. నేను లేచి నిలబడ్డాను. ఆ తర్వాత ఆ పిల్ల కూడా మర్యాదస్తురాలైపోయింది. అప్పుడైనా నాకు తట్టాలి. తట్టలేదు. ఆదివారం చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు ఒక్క గోల్ ఇప్పించమని అడిగాను. పక్కన ఎవరెవరో ఆపరేషన్ల గురించి, వీసాల గురించి అడుగుతున్నారు. నాకు సిగ్గేసింది కానీ అడిగాను.

అప్పటి ప్రిన్సిపాల్ సోమశేఖర్ గారు. కోలారు వైపు మనిషి, ఇంట్లో తెలుగే. చెడ్డవాడు కాదు. ఆయనకి ఆటలంటే కప్పు పట్టుకుని దిగే గ్రూపు ఫోటో. ఇలాంటి బాసులు మీకు చాలామంది దొరుకుతారు, కోపం తెచ్చుకోకండి. ఫోటో మీద ఆశ ఉన్నంతకాలం మీకు బంతులు కొనిస్తారు. అయిదో మ్యాచ్ కూడా సున్నాతో ముగిశాక నన్ను పిలిచారు.

"ఏమమ్మా విమలా, ఇన్ని మ్యాచులాడితిరి, ఒక్క గోలన్నా ఉండాదా?"

"లేదు సార్. కానీ ఓడింది కూడా ఒక్కటే సార్."

"ఓడకుండా ఉండేదానికి ఇంట్లో కూర్చున్నా ఓడరు కదమ్మా. త్రోబాల్ పిల్లలు సాయంత్రం గ్రౌండ్ అడుగుతా ఉండారు. వాళ్ళు పోయినేడు కప్పు తెచ్చిరి. నేనేం చెప్పేది వాళ్ళకి?"

"ఇంకా రెండు మ్యాచులున్నాయి సార్."

"రెంటిలో ఒక్కటి గెలవండి. లేకుంటే వచ్చే సెమ్ నుంచి గ్రౌండ్ వాళ్ళకి. మీరు కూడా త్రోబాలే చూసుకోండి, మీకు చేతి ఆట బాగా వచ్చు కదా."

ఈటె విసిరినదాన్ని అని గుర్తుపెట్టుకున్నందుకు సంతోషించాలో, ఏడవాలో తెలియలేదు. త్రోబాల్ మీద నాకేం కోపం లేదు. కానీ రెండు బస్సులు మారి వచ్చే ఈ పద్నాలుగు మంది త్రోబాల్‌కి మారరు. ఆట లేకపోతే వాళ్ళలో కొందరు కాలేజీకే సగం సగం వస్తారు. అది నాకు అనుభవం మీద తెలుసు.

రెండో అంతస్తు కిటికీ

ఆ వారమే ఒక సాయంత్రం స్టాఫ్ మీటింగ్ పెట్టారు. లైబ్రరీ పుస్తకాలకి స్టిక్కర్లు ఎవరు అతికించాలన్నది విషయం. నేను లేకుండానే ప్రాక్టీసు మొదలుపెట్టమని నందినికి చెప్పి, రెండో అంతస్తులో కిటికీ పక్కన కూర్చున్నాను.

కింద మా పిల్లలు రెండు జట్లుగా ఆడుకుంటున్నారు. వెనక ఉండాల్సిన పవిత్ర ముందుంది. బంతి వచ్చింది, తన్నింది, గోల్. ఒక నిమిషం ఆగి ఇంకొకటి, పక్కకి పోయింది. నవ్వుకుంటూ వెనక్కి పరిగెత్తింది. మళ్ళీ తన్నింది, గోల్. హాకీ పిల్ల ఒకటి కొట్టింది. నందిని గోల్‌లోంచి ఏదో అంటోంది, అందరూ పడి నవ్వుతున్నారు. మీటింగ్‌లో టీ వచ్చేసరికి ఆరు గోల్స్ లెక్కపెట్టాను. నెలన్నరగా ఆటలో ఒక్క గోల్ చూడని మనిషికి ఆరు గోల్స్ కనిపిస్తే ఎలా ఉంటుందో మీరు ఊహించుకోండి. ఎవరో నన్ను ఏదో అడిగారు, నేను ఊఁ అన్నాను. ఆర్ట్స్ సెక్షన్ పుస్తకాలన్నిటికీ స్టిక్కర్లు అతికించే పని నా మీద పడింది.

మీటింగ్ అవగానే దాదాపు పరుగున కిందికి దిగాను. పార్కింగ్ దాటి గ్రౌండ్‌లోకి రాగానే ఆట నెమ్మదించింది. నవ్వులు ఆగిపోయాయి. పవిత్ర మెల్లగా వెనక్కి జరిగింది. నేను చేయాల్సింది అక్కడే నిలబడి ఆలోచించడం. నేను చేసింది, "పవిత్రా, నీ చోటు వెనక కదా, ముందుకెందుకొచ్చావు?" అని అరవడం. మంచి మాట చెప్పబోయేముందు మొదటి మాట అలా వచ్చింది, అంతే. నీ గోల్స్ చూశాను, బాగున్నాయి అనేది రెండో మాట. అది నోట్లో ఉండగానే పవిత్ర "సారీ మ్యామ్" అని బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు ప్రాక్టీసుకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మూడో రోజు సామాన్ల గదిలో నందిని, నేను బంతులకి గాలి కొడుతున్నాం. కొడుతూ కొడుతూ అడిగాను. "నేను లేనప్పుడు ఆరు గోల్స్ కొట్టారు. నేనుంటే ఒక్కటీ కొట్టరు. ఎందుకే?"

నందిని పంపు ఆపలేదు. "చెప్తే కోప్పడతారు మ్యామ్."

"కోప్పడను."

"చూడండి, ఇప్పుడే గొంతు పెంచితిరి."

నేను గొంతు తగ్గించాను.

"మీరు బెంచీలో ఉండారు కదా మ్యామ్, బంతి కాలికి వస్తానే అందరూ ఒకసారి మిమ్మల్ని చూస్తారు. గోల్‌ని చూసేది ఆ తర్వాతే. నేను వెనకాల నిలబడి అందరి తలలూ చూస్తా ఉంటాను కదా, నాకు బాగా కనిపిస్తాది. ఆ ఫస్ట్ మ్యాచ్‌లో అమ్మమ్మ మాట అన్నారు చూడండి, ఆ పొద్దు నుంచి ఇదే కథ. తన్నకుంటే ఎవరూ ఏమీ అనరు. తన్ని తప్పిపోతేనే కదా బయటికి పిలిచేది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెప్తే నన్ను కూడా బయటికి పిలుస్తారని మ్యామ్" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం ఒక్కదాన్నే కూర్చుని ఆలోచించాను. నేను ఈటె విసిరే రోజుల్లో పోటీలో అడుగుపెడితే మూడు సార్లు విసరనిచ్చేవారు. మొదటిది గీత దాటి ఫౌలయినా ఇంకా రెండున్నాయన్న ధైర్యంతో రెండోది విసిరేదాన్ని. బాగా విసిరిన వాళ్ళకి ఇంకో మూడు. నా మంచి దూరాలన్నీ ఆ తర్వాతి వాటిలో వచ్చినవే. పవిత్రకి నేను ఇచ్చింది ఒక్కటి.

హెబ్బగోడి

శనివారం మధ్యాహ్నం హెబ్బగోడి వెళ్ళాను. కంపెనీల వెనక సందుల్లో వరసగా గదులు, ప్రతి గది ముందూ అయిదారు జతల చెప్పులు. మూడో వరసలో పవిత్ర వాళ్ళ గది. తల్లి లక్ష్మీదేవి ప్యాకింగ్ కంపెనీలో షిఫ్టు ముగించుకుని అప్పుడే వచ్చినట్టుంది, ఐడీ కార్డు ఇంకా మెడలోనే ఉంది. నేనెవరో చెప్పగానే కంగారుగా లేచింది.

"రాండి మేడం, కూసోండి. బిడ్డ ఏమన్నా తప్పు చేసిందా?"

"తను కాదండీ. నేనే చేశాను. చెప్దామని వచ్చాను."

లోపల బట్టలు మడతపెడుతున్న పవిత్ర ఆగింది. ఇలాంటివి ముందుగా అనుకుని వెళ్ళిన మాటలతో సాగవు. బస్సులో అనుకున్నవన్నీ పోయాయి. "ఆ రోజు నేను అన్న మాట తప్పు పవిత్రా. మా అమ్మమ్మ జన్మలో బంతి ముట్టుకోలేదు. ఖాళీ గోల్ కాదు, గ్రౌండంతా ఖాళీ చేసి ఇచ్చినా కొట్టేది కాదు" అన్నాను.

తల్లికి సంగతి తెలియదు. కూతురి వైపు చూసింది. పవిత్ర మెల్లగా చెప్పింది. విని లక్ష్మీదేవి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "అంతేనా మేడం. ఇంట్లో మేము ఇంతకంటే అంటాము" అంది.

పవిత్ర నవ్వలేదు. "అన్నందుకు కాదమ్మా" అని తల్లితో అని, నా వైపు తిరిగింది. "తప్పిపోతాదని భయం లేదు మ్యామ్. తప్పిపోయినాక అక్కడ్నుంచి బెంచీ దాకా నడిచి రావల్ల కదా, అందరూ చూస్తాంటారు. ఆ నడక శానా పొడుగు మ్యామ్. బంతి వస్తానే నాకు అదే గుర్తొస్తాది."

ఇరవై రెండేళ్ళుగా పిల్లల్ని బయటికి పిలుస్తున్నాను. ఆ నడక ఎంత పొడుగో ఒక్కసారి కూడా లెక్కవేయలేదు. లక్ష్మీదేవి టీ పెట్టి ఇచ్చింది. తాగేశాక అన్నాను, "ఇక మీదట గోల్ తప్పినందుకు ఎవరినీ బయటికి పిలవను. మాటిస్తున్నాను. నువ్వు ముందే ఆడాలి."

"పది తప్పినా?"

"పది తప్పినా."

"నందిని ముందర చెప్పండి మ్యామ్" అంది. ఆ పిల్లకి సాక్షి కావాలి. అది న్యాయమే.

నోరు మూసుకునే విద్య

సోమవారం అందరి ముందూ చెప్పాను. కొత్త నియమం ఒక్కటే. ఎవరి బంతి తప్పితే తర్వాతి బంతి వాళ్ళకే ఇవ్వాలి. పిల్లలు నన్ను నమ్మలేదు. నేనైనా నమ్మను. రాత్రికి రాత్రి మారిపోయానని చెప్పే కోచ్‌ని ఎవరు నమ్ముతారు? మాటలతో కాదని, చోటు మార్చుకున్నాను. బెంచీ మీద కూర్చోవడం మానేసి, మా గోల్ పక్కన, గీత బయట కుర్చీ వేసుకున్నాను. అక్కడి నుంచి ఎదుటి గోల్ ముందున్న పిల్లలకి నేను చుక్కలా కనిపిస్తాను. ఒక రిఫరీ అక్కడ కూర్చోకూడదన్నారు. మోకాళ్ళు నొప్పి, నడవలేను అన్నాను. హాఫ్‌టైంలో జట్లు చోట్లు మారినప్పుడు నేనూ కుర్చీ ఎత్తుకుని అవతలి కొసకి చకచకా నడిచాను. ఆయన చూసి, తల తిప్పుకుని ఈల వేశారు.

నోరు ఊరుకోదు. దానికి లవంగాలు. బుగ్గన ఒకటి పెట్టుకుని, అరవాలనిపించినప్పుడల్లా కొరికేదాన్ని. మ్యాచ్ అయ్యేసరికి నాలుక మొద్దుబారి, పిల్లలతో మాట్లాడాలన్నా మాట తిరిగేది కాదు. అది కూడా మంచిదే అయ్యింది.

ఆరో మ్యాచ్ ఓడిపోయాం. నాలుగు ఒకటి. కానీ ఆ ఒకటి మాది. సీజన్‌లో మొదటి గోల్. హాకీ పిల్ల మోకాలికి తగిలి, కర్రకి తగిలి, ఎవరి వీపుకో తగిలి లోపలికి పోయింది. కప్పు గెలిచిన వాళ్ళు కూడా అంత గంతులు వేసి ఉండరు. నందిని ఒక్కతే కోపంగా ఉంది. "అందరూ గోల్ కొట్టేదానికి ముందరికి పరిగెత్తితిరి, వెనకాల నేనొక్కతే ఉండాను. నా గతి ఎవరు చూసేది?" అంది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. డిఫెన్స్ మళ్ళీ మొదటి నుంచి సర్దాల్సి వచ్చింది. ఒకటి బాగుచేస్తే ఇంకోటి ఊడుతుంది, ఈ ఉద్యోగం అంతా అదే.

దేవనహళ్ళిలో ఆఖరి మ్యాచ్

చివరి మ్యాచ్ దేవనహళ్ళి దగ్గర ఒక కాలేజీ గ్రౌండ్‌లో. హెబ్బగోడి నుంచి అక్కడికి ఊరు ఈ కొస నుంచి ఆ కొసకి. మినీ బస్సులో రెండున్నర గంటలు. అక్కడ అయిదు నిమిషాలకొకటి విమానం తల మీదుగా దిగుతుంది, పక్కవాళ్ళ మాట కూడా వినిపించదు. నేను అరిచినా ఎవరికీ వినపడదని తెలిసి పిల్లలు హాయిగా ఉన్నారు.

మొదటి సగంలో పవిత్రవి మూడు తప్పిపోయాయి. ఒకటి కీపర్ చేతుల్లోకి, రెండోది పక్కకి, మూడోది అచ్చం ఆ రోజులాగే అడ్డకర్ర మీదుగా. మూడోదానికి ఆమె ఆగి, గ్రౌండ్ ఆ కొస నుంచి నా వైపు చూసింది. నేను లవంగం కొరికి, కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాను. అంత కష్టమైన పని ఈ ఉద్యోగంలో నేనింకొకటి చేయలేదు. పవిత్ర తిరిగి తన చోటికి వెళ్ళింది. ఈలోపల కార్నర్ నుంచి వాళ్ళు ఒక గోల్ కొట్టారు. రెండో సగంలో పవిత్ర నాలుగోది తన్నింది. గట్టిగా కూడా తన్నలేదు. బంతి కీపర్ కాళ్ళ మధ్య నుంచి నెమ్మదిగా దొర్లుకుంటూ లోపలికి పోయింది. ఒకటి ఒకటి.

డ్రా అయితే మాకు లాభం లేదు. త్రోబాలే. ఆట ముగియడానికి మూడు నాలుగు నిమిషాలుందనగా బాక్స్‌లో హాకీ పిల్లని వాళ్ళ డిఫెండర్ పడగొట్టింది. రిఫరీ పెనాల్టీ ఇచ్చారు.

గోల్ ముందు గుంపు. బంతి పవిత్ర చేతిలో ఉంది. హాకీ పిల్ల దాన్ని లాక్కుంటోంది. ఇంకో పిల్ల కూడా చెయ్యి వేసింది. మొదట నాకు అర్థం కాలేదు. వాళ్ళు పోట్లాడుకుంటున్నారు, నేను తన్నుతానంటే నేను తన్నుతానని. రిఫరీ విసుగ్గా ఏదో అన్నారు. ముగ్గురూ ఆగి, ఎవరు తన్నాలో చెప్పమన్నట్టు నా వైపు తిరిగారు.

నేను కిందికి వంగి బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టాను.

"మ్యామ్, మిమ్మల్నే చూస్తా ఉండారు" అంది నందిని.

"నాకు పనుంది."

"ఏం పని? లేసు బాగానే ఉండాది కదా."

"నందినీ, ఊరుకో. ఏమవుతోందో చెప్పు."

"పవిత్ర పెట్టింది బంతి. వెనక్కి పోతా ఉంది. మీరు చూడరా మ్యామ్?"

"చూడను. చెప్పు."

విమానం ఒకటి దిగుతోంది. దాని చప్పుడు పోయేదాకా నందిని గొంతు వినపడలేదు. నేను కట్టిన లేసునే మళ్ళీ విప్పుతున్నాను.

"తన్నింది. కీపర్ ఆపేసింది మ్యామ్."

నా చేతులు ఆగిపోయాయి.

"ఉండండి, ఉండండి. బంతి ఆమె చేతిలోనించి జారింది. పవిత్రే ఉరికింది. మళ్ళీ తన్నింది."

"ఏమైంది?"

తల ఎత్తి చూస్తే, నందిని తన గోల్‌ని ఖాళీగా వదిలేసి అవతలి కొసకి పరిగెడుతోంది. ఆ వెళ్ళేది చూసి అర్థం చేసుకున్నాను.

పాయింట్ల లెక్కలో ఎలాగో తర్వాతి రౌండ్‌కి చేరి, అక్కడ ఓడిపోయాం, మూడు రెండు. సోమశేఖర్ గారికి ఫోటో దొరకలేదు. అయినా మాట మీద నిలబడ్డారు, త్రోబాల్‌కి పొద్దున పూట ఇచ్చి సాయంత్రం మాకే వదిలారు. ఆ తర్వాత నాలుగేళ్ళలో నేను పూర్తిగా మారిపోయానని చెప్పను. మూడు నాలుగు సార్లు లేచి నిలబడ్డాను. లేచిన ప్రతిసారీ నందినో, ఆమె తర్వాత వచ్చిన కెప్టెనో వచ్చి నా చేతిలో ఒక లవంగం పెట్టేవాళ్ళు.

దేవనహళ్ళి నుంచి తిరిగొచ్చేటప్పుడు పవిత్ర బస్సులో నా పక్కన వచ్చి కూర్చుంది. సాక్స్ నిండా మట్టి. "చూసినారా మ్యామ్?" అంది.

"లేదమ్మా. నందిని చెప్పింది."

"అయ్యో, మ్యామ్" అని మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. మాట తక్కువనుకున్న పిల్ల. కీపర్ ఏ వైపు దూకిందో, బంతి ఎలా జారిందో, తను ఏ కాలితో అందుకుందో. హెబ్బాళ దాటేసరికి ఒకసారి పూర్తయ్యింది. వెనక సీట్లో వాళ్ళు అడిగితే మళ్ళీ చెప్పింది. సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో బండి ముప్పావుగంట కదలకపోతే మూడోసారి. మొదట గోల్ ముందు మూడడుగుల దూరం నుంచి తన్నిన బంతి, రెండోసారికి ఆరడుగులైంది, మూడోసారికి బాక్స్ గీత దగ్గర నుంచి గాల్లో తిరుగుతూ వెళ్ళింది.

నేను విన్నాను. ఎక్కడా సరిదిద్దలేదు.